వాసన పోయిన ముక్కు మెకానిక్

ఊళ్లో పాత బళ్లున్నవాళ్లలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన ముక్కు మెకానిక్. బండి షెడ్డులోకి వచ్చి ఆగీ ఆగకముందే, సైలెన్సర్ దగ్గర వంగి ఒకసారి గాలి పీల్చేవాడు. "పెట్రోలు సగమే కాలుతోంది, కార్బురేటర్ విప్పాలి" అనో, "ట్యాంకులో ఉన్నది నిలవ పెట్రోలు, ముందు అది పారబొయ్యి" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది.

ఒక జ్వరం ఆయన్ని మంచాన పడేసింది. లేచేసరికి ముక్కుకి ఏ వాసనా తెలియడం లేదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాట ఆయన ఇంట్లో కూడా చెప్పకుండా కడుపులో పెట్టుకున్నాడు. కానీ ఇల్లాలి దగ్గర ఎంతకాలం దాగుతుంది? ఒక ఉదయం పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడి బొగ్గయింది. పక్కనే కుర్చీలో ఆయన తీరిగ్గా పేపరు చదువుతున్నాడు.

ముందుగదిలో కుట్టుమిషను వదిలేసి పరిగెత్తుకొచ్చింది భార్య. "ఏమండీ, ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే మీకు తెలియడం లేదా?"

ఆయన తల దించుకున్నాడు. "తెలియడం లేదే."

ఆ వారంలోనే ఇంకో గండం తప్పింది. షెడ్డులో ఒక కారు కింద పెట్రోలు కారి మడుగు కట్టింది. ఆయన ఆ పక్కనే వెల్డింగు సామాను సర్దుకుంటున్నాడు. కారు యజమాని కేక వేయకపోతే ఏమయ్యేదో! అప్పటికప్పుడు షెడ్డు షట్టరు దించేశాడు. ఎవరొచ్చినా ఒంట్లో బాగాలేదని భార్య చేత చెప్పించాడు.

అలా ఇంటిపట్టున కూర్చున్న రోజుల్లో పశువుల డాక్టరమ్మ వచ్చింది. కొండవాలులోని పశువుల పాకలన్నీ ఆవిడ తిరగాల్సినవే. తిరగడానికి ఉన్నది ఒక ముసలి జీపు. అది కొండ మధ్యలో ఆగిపోతోంది. ఇద్దరు మెకానిక్‌లు పంపు మార్చారు, ఫిల్టర్ మార్చారు, చివరికి చేతులెత్తేశారు.

"బాబాయ్, మీరు ఒక్కసారి చూడండి. నిన్న దీని మూలంగా ఆలస్యంగా వెళ్లాను. దూడ దక్కలేదు."

ఆయన ఉన్నమాట చెప్పేశాడు. "నా ముక్కు పనిచేయడం లేదమ్మా. నేనిప్పుడు ఎందుకూ కొరగాను."

డాక్టరమ్మ నవ్వింది. "నా పేషెంట్లకి నోరే లేదు బాబాయ్. అయినా నెట్టుకొస్తున్నాను కదా. అడగండి, నాకు తెలిసింది నేను చెబుతాను."

ఆయనకి ఆ మాట నచ్చింది. అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడు ఆగుతుంది? ఎత్తు ఎక్కేటప్పుడు. ప్రతిసారీనా? కాదు, ట్యాంకు నిండా ఉన్నప్పుడు బుద్ధిగా ఎక్కుతుంది. సగం కంటే దిగితేనే పేచీ. కాసేపు ఆపితే? మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

షట్టరు పైకి లేచింది. భార్య కూడా వెంట వెళ్లింది. జీపు కింద టార్చి వేసి, వంగి, ట్యాంకు నుంచి ఇంజను దాకా అంగుళం అంగుళం వాసన చూసి వచ్చింది. "ఎక్కడా పెట్రోలు కంపు లేదండీ."

ఆయన జీపు ముందు చక్రాల కింద దిమ్మలు పెట్టి, కొండ ఎక్కుతున్నట్టు నిలబెట్టాడు. పంపుకి ముందు పెట్రోలు గొట్టాన్ని విప్పి, మధ్యలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం ముక్క తగిలించాడు. డాక్టరమ్మని ఇంజను స్టార్ట్ చేయమన్నాడు. కాసేపటికి గొట్టంలో పెట్రోలుతో పాటు బుడగలు పరిగెత్తాయి.

"గాలి పీలుస్తోంది!" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

ఇక గాలి ఎక్కడ దూరుతోందో పట్టుకోవాలి. ఒక్కో అతుకు మీద గ్రీజు పూస్తూ పోయాడు. బుడగలు ఆగలేదు. ఆఖరికి ట్యాంకు నెత్తిన ఉన్న పాత రబ్బరు గొట్టానికి పూశాడు. బుడగలు ఆగిపోయాయి. గొట్టం విప్పి వంచి చూస్తే, క్లిప్పు అంచున వెంట్రుకవాసి పగులు. ట్యాంకులో పెట్రోలు కిందికి దిగి, బండి ముక్కు పైకి లేచినప్పుడు పంపు గట్టిగా లాగాలి. అప్పుడు ఆ పగులు తెరుచుకుని గాలి మింగుతుంది. బయటికి చుక్క కూడా కారదు.

ఆయన ఆ గొట్టాన్ని చేతిలో తిప్పి చూశాడు. తర్వాత భార్యతో మెల్లగా అన్నాడు: "ఇది వాసనకి దొరికే జబ్బు కాదే. నా ముక్కు బాగున్న రోజుల్లో అయితే నేనూ పంపే మార్చి పంపించేవాణ్ని."

కొత్త గొట్టం వేశాక, ట్యాంకులో పెట్రోలు కావాలనే అడుగున కొంచెమే ఉంచి, డాక్టరమ్మతో కలిసి కొండెక్కాడు. జీపు ఒక్క దగ్గర కూడా తడబడలేదు. పైన ఒక పాకలో ఆవు ఈనలేక అవస్థ పడుతోంది. డాక్టరమ్మ మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, కళ్లు మూసుకుని తడిమింది. "ముందుకాలు మడతపడింది బాబాయ్, తాడు అందుకోండి." ఇద్దరూ కలిసి లాగితే జారుకుంటూ దూడ బయటపడింది. అది తుమ్మితే ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఆపేసింది. "అబ్బబ్బ, ఆ కంపేమిటి! పెరట్లోకి వెళ్లి స్నానం చేసి రండి."

"నాకేం తెలియడం లేదే!" అంటూ పడీపడీ నవ్వాడు. జ్వరం వచ్చి పోయాక ఆయన అలా నవ్వడం అదే మొదలు.

మర్నాడు షెడ్డు తెరిచాడు. రోజూ పని మొదలవకముందు భార్య అన్ని బళ్ల చుట్టూ ఒకసారి తిరిగి, వాసన చూసి, సరేనంటేనే పానా చేతిలోకి తీసుకుంటాడు. ఆయన వాసన శక్తి తిరిగి రాలేదు. బండి తెచ్చినవాళ్లని మాత్రం ఇప్పుడు కూర్చోబెట్టి, ఓపిగ్గా అన్నీ అడుగుతాడు.