మూడో అంతస్తు బుట్ట

నేపుల్స్‌లోని ఆ సందులో, ఎర్మెలిండా ఇంట్లో నేల మీదే వడ్డించుకుని తినొచ్చు, అంత శుభ్రం అనేవారు. ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు, మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. అందుకని ఆవిడ బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దించేది. కింద కూరగాయల సబటీనో అందులో టమాటాలో వంకాయలో వేసి, "లాగు!" అని కేకేసేవాడు. ఇద్దరి తిట్లూ ఆ తాడు పక్కనుంచే ఎక్కిదిగేవి.

ఓ రోజు పుచ్చకాయ సగం దూరం ఎక్కాక తాడు పుటుక్కుమంది. కాయ పగిలింది, సబటీనో భుజం ఎముకా విరిగింది. అతను కోర్టుకెక్కాడు. నోటీసులో ఒక్క మాట ఆవిడకు కంట్లో కారం కొట్టినట్టయింది: నిర్లక్ష్యం.

"నాదా నిర్లక్ష్యం? వాడి పెళ్లాం కర్టెన్లు చూడు! ఈస్టర్‌కి ఉతికితే మళ్లీ ఈస్టర్‌కే!"

లాయరు మేనల్లుడు జెరార్డో తల పట్టుకున్నాడు. "అత్తా, కోర్టులో కర్టెన్ల ఊసెత్తరు. తాడు పాడైందని నీకు ముందే తెలుసా అని అడుగుతారు. తెలీదను. గట్టెక్కుతాం."

"సరేలేరా."

విచారణ రోజున జడ్జిగారు అద్దాలు సర్దుకున్నారు. "చూడండమ్మా, చట్టానికో కొలత ఉంది. సంసారం సవ్యంగా నడిపే ఇంటి తండ్రి ఎంత జాగ్రత్తగా ఉంటాడో, మీరూ అంత జాగ్రత్తగా ఉన్నారా?"

"తండ్రా? మా నాన్న గొడుగు వెతకడానికి వెళ్లి టోపీ పారేసుకొచ్చేవాడు బాబూ! ఆయనతో కొలిస్తే నేనెప్పుడో గెలిచాను."

కోర్టంతా ఘొల్లుమంది. జడ్జిగారు దగ్గు నటించారు. "తాడు పాడైందని మీకు తెలీదా?"

"ఆవిడకేం తెలుస్తుంది," అని గొణిగాడు సబటీనో, "ఇంట్లో ఏముందో, ఏం లేదో!"

అంతే, ఎర్మెలిండాకు చిర్రెత్తుకొచ్చింది. "నా ఇంట్లో నాకు తెలీని పూచికపుల్ల ఉందా? కొక్కెం దగ్గర పోగులు లేచాయి, నేను చూడలేదూ! ముడేశాను. మళ్లీ లేచాయి, మళ్లీ ముడేశాను!"

జెరార్డో కళ్లు మూసుకున్నాడు.

"తెలిసి కూడా పుచ్చకాయ ఎక్కించారా?" జడ్జిగారు మెల్లగా అడిగారు.

ఆవిడ సబటీనో వైపు తిరిగింది. సబటీనో చేతిని మెడకు వేలాడదీసిన గుడ్డ తెల్లగా మెరుస్తోంది, ఇస్త్రీ మడత కూడా నలగలేదు. వాడి పెళ్లాం ఉతికిందే. ఎర్మెలిండాకు సిగ్గేసింది.

"తెలుసు బాబూ. ఇవాళ్టికి ఆగుతుందిలే అనుకున్నాను."

వైద్యం ఖర్చు ఆవిడే భరించాలని తీర్పొచ్చింది. వీధిలో నిర్లక్ష్యమంటే ఇల్లు పట్టనితనం; కోర్టులో, ఎదుటి మనిషి పట్టనితనం. ఆవిడకు అన్నీ పట్టేవి, కింద నిలబడ్డ మనిషి తప్ప.

ఇప్పుడు బుట్టకు పడవలు కట్టే తాడుంది. "జరుగు నాయనా! ఇంకా జరుగు! గోడవారకి!" అని అరిచాకే అది దిగుతుంది. అందులో రోజూ మూతపెట్టిన గిన్నెలో చిక్కుడుగింజల పాస్తా ఉంటుంది.

"ఉప్పు తక్కువైంది!" కిందనుంచి అరుస్తాడు సబటీనో, ఎడమ చేత్తో తింటూ.

"తెలుసు! తెలిసే పంపాను, తిను!"