కుండను జోకొట్టిన మా అవ్వ

నిన్న పొద్దున అత్త ఫోన్ చేసి "పోయిందే" అంది.

నేను కరెంటు అనుకున్నాను. "ఇన్వర్టర్ ఆన్ చెయ్ అత్తా" అన్నాను కూడా.

అటు నుంచి ఏడుపు వినిపించింది. అప్పుడు అర్థమైంది, అవ్వ పోయిందని.

అవ్వ అంటే మా నాన్న వాళ్లమ్మ, సత్తెమ్మ. తొంభై అయిదు దాటిన మనిషి పోతే షాక్ ఏంటి అని నిన్నటి నుంచి నలుగురు అడిగారు. మొన్న సాయంత్రం అత్త వాళ్లింట్లో పప్పులో ఉప్పు లేదని నాతో కొట్లాడిన మనిషి. నాకు షాకే. ఇంకోసారి ఎవరూ అడగొద్దు.

ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. అది అవ్వ నాకొక్కదానికే చెప్పింది.

నాకు ఇంట్లో అల్లం బీర్ చేసే పిచ్చి ఉందని ఈ గ్రూపులో అందరికీ తెలుసు. పేరుకే బీర్, కిక్ ఏం ఉండదు, మామయ్యలు ఆశపడొద్దు.

కిందటేడు ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లో బాటిళ్ల మీద దుప్పటి కప్పి పెట్టాను. అవ్వ వచ్చి దుప్పటి ఎత్తి చూసి, అక్కడే నేల మీద కూలబడింది. అప్పుడు చెప్పింది ఈ సంగతి.

నిజాం కాలం. అవ్వకి పదిహేడేళ్లు. నిన్న ఫోన్ చేసిన మా అత్త అప్పుడు ఆరు నెలల పిల్ల.

తాతకి ఒక షోకు ఉండేది. జొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, కుండలో బెల్లం నీళ్లతో పులియబెట్టేవాడు. ఇప్పుడు మనం వీకెండ్ హాబీ అంటామే, అదే. అమ్మేది లేదు. తను, ఇద్దరు దోస్తులు. ఒకసారి నారింజ తొక్క వేసి చూసేవాడు, ఒకసారి వాము. కుదరకపోతే బర్రెకి పోసేవాడు.

వేడి తగ్గకుండా కుండకి గొంగడి చుట్టి మూలకి పెట్టేవాడు.

ఆబ్కారీ వాళ్లకి, అంటే అప్పటి ఎక్సైజ్ వాళ్లకి, షోకు అంటే అర్థం కాదు. పులిసిన కుండ దొరికితే మనిషిని ఠాణాకి తీసుకుపోవడమే. పక్క వాడకట్టు నుంచి అట్లా పోయిన ఒకాయన తిరిగొచ్చాక మళ్లీ నాగలి పట్టలేకపోయాడట.

ఒక మధ్యాహ్నం ఆబ్కారీ జవాన్లు వాడకట్టులోకి వచ్చారు. ఒక్కో ఇల్లు వెతుకుతున్నారు.

తాత పొలంలో ఉన్నాడు. అవ్వ అత్తగారు పిల్లని ఎత్తుకుని వెనక దొడ్లో ఉంది. ఇంట్లో అవ్వ, కుండ. అంతే.

పారబోస్తే వాసన వాడకట్టంతా కమ్ముకుంటుంది. అవ్వ బయటికి ఉరికి, నాలుగు యాపమండలు విరిచి దర్వాజకి కట్టింది.

ఇప్పటి పిల్లలకి తెలియదు. దర్వాజకి యాపమండలు కడితే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని గుర్తు. మశూచి. ఎవరూ గడప తొక్కరు.

జవాను గడప దగ్గర ఆగాడు. "ఎవలకు?" అన్నాడు.

"నా బిడ్డకు" అంది అవ్వ, గొంగడి చూపిస్తూ.

ఏం అంటోందో తనకే తెలియలేదట. నోట్లోంచి వచ్చేసింది.

జవాను పోలేదు. తొంగి చూస్తూనే ఉన్నాడు. "గిదేం వాసన?"

"పులిసిన అంబలి."

సరిగ్గా అప్పుడే కుండ గుడగుడలాడింది.

అవ్వ పోయి గొంగడి పక్కన కూర్చుంది. మీద చెయ్యి వేసి జోకొట్టింది. "ఊకో బిడ్డా, ఊకో. తల్లి సల్లగ చూస్తది, ఊకో."

కుండని.

దొడ్లో అసలు పిల్ల ఎక్కడ ఏడుస్తుందోనని ప్రాణం గిలగిల. ఏడిస్తే తాత పని అయిపోయినట్టే.

పిల్ల ఏడవలేదు. జవాను రెండు చేతులెత్తి దండం పెట్టి వెనక్కి తిరిగాడు.

నేను ఇక్కడ నవ్వాను. అవ్వ నవ్వలేదు.

దొడ్లోంచి వచ్చిన అత్తగారు దర్వాజ చూసి, సంగతి విని, నెత్తి పట్టుకుందట. "నోటితోని పిలిచినవ్. అది గూడ పసిగుడ్డు మీదికి. ఇగ తల్లి వచ్చినట్టే, మంచిగ సాగనంపాలె."

తొమ్మిది రోజులు. నిజంగా అమ్మవారు పోసిన ఇంట్లో చేసేవన్నీ చేశారు. పోపు పెట్టలేదు. తలలు దువ్వలేదు. నిక్షేపంలా ఉన్న పిల్లని యాపాకుల మీద పడుకోబెట్టారు.

రోజూ తెల్లారగానే అవ్వ పిల్ల బట్టలిప్పి వెలుతురులో ఒళ్లంతా వెతికేది, ఎక్కడైనా పొక్కు లేచిందేమోనని. నాలుగో రోజు మెడ కింద ఎర్రగా కనిపించింది. పిల్లని దర్వాజ దాకా ఎత్తుకుపోయిందట. చూస్తే చీమ కుట్టింది.

తొమ్మిదో రోజు పెరుగన్నం పెట్టి, ఆ జొన్న కుండనే మోసుకుపోయి పోచమ్మ తల్లి ముందు ధారగా సాక పోశారు. తాత మళ్లీ ఆ పని జోలికి పోలేదు.

తల్లిని సాగనంపారు గానీ, అవ్వ భయం మాత్రం పోలేదు. "మొగన్ని కాపాడుకునేతందుకు బిడ్డను అడ్డం పెట్టిన. తల్లి యాదిమరువది. ఎప్పుడన్న అడుగుతది" అంది నాతో.

అందుకే అత్తకి కొంచెం జ్వరం వచ్చినా అవ్వ అన్నం ముట్టేది కాదు. అత్తకి మనవలు పుట్టాక కూడా అంతే. అత్తేమో అది తెలియక జీవితమంతా విసుక్కుంది.

"దానికి చెప్పకు" అని నాతో ఒట్టు వేయించుకుంది అవ్వ.

నిన్న ఆ ఒట్టు తప్పాను.

అత్త అవ్వ పక్కన కూర్చుని "ఏనాడు నన్ను నిమ్మళంగ ఉండనియ్యలే, ఎందుకో" అంటూ ఏడుస్తోంది. నాకు ఆగలేదు. మొత్తం చెప్పేశాను.

అత్త ఏడుపు ఆపేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. అనవసరంగా చెప్పానా అనిపించింది నాకు.

"నా పేరు చెప్పి మా బాపును కాపాడిందా?"

"అవ్, అత్తా."

"మంచిగనే చేసింది."

తర్వాత అవ్వ మొహం మీదికి వంగింది. "డెబ్బై ఏండ్లు దాటినయ్, నాకేం గాలే గదనే అమ్మా. ఒక్కసారి నన్ను అడుగుతె నేనే చెప్తుంటి."

అది విన్నాక నేను అక్కడ ఉండలేక బయటికి వచ్చేశాను.

అవ్వా, నీ బిడ్డ బాగుంది. తల్లి ఎప్పుడో మాఫ్ చేసింది. ఇక ఏ ఫికర్ లేకుండా నిమ్మళంగా పండుకో.