మలారం ఎక్కిన బండి

మా పక్కింటి గాజుల పెద్దవ్వ పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా కన్నుమూసింది. నేను వాకిలి ఊడుస్తుంటే ఆమె తమ్ముడి కొడుకు వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"అత్త పోయిందమ్మా," అన్నాడు. "మీ పెద్దపిల్లకు తార్ కొట్టాలె. కొట్టుమని అత్తనే చెప్పి పోయింది," అన్నాడు.

మా పెద్దమ్మాయి మంచిర్యాలలో టీచరు. బడి వేళకు ముందే అందేటట్టు టెలిగ్రాం ఇప్పించాను.

పెద్దవ్వ ముప్పై ఏళ్లు వారం వారం జరిగే అంగళ్లు తిరిగి గాజులు అమ్మింది. గాజుల వరసలు గుచ్చి, గుడ్డలో చుట్టి భుజాన వేసుకునే ఆ మూటను మలారం అంటారు. అది ఎడమ భుజాన ఉండీ ఉండీ ఆమె ఆ వైపుకు కొంచెం ఒరిగి నడిచేది. చిన్న వయసులోనే భర్త పోయాడు కనుక తన చేతులు బోడిగానే ఉండేవి. మాట్లాడేటప్పుడు ఎదుటి ఆడమనిషి చెయ్యి అందుకుని, గాజు తొడిగేటట్టు వేళ్లు దగ్గరికి నొక్కుతూ మాట్లాడేది. అమ్మేది లేకపోయినా అంతే. చదువు లేదు. అయినా మా పెద్దపల్లి నుంచి అడవి దాకా ఏ బండి ఎప్పుడు కదులుతుందో ఆమెనే అడిగేవాళ్లం.

పదేళ్ల కిందట, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మా పెద్దమ్మాయి కరీంనగర్‌లో టీచరు ట్రైనింగు చదువుతుండేది. ఆఖరి మూడు నెలలు ఏదైనా బడిలో పాఠాలు చెప్పి చూపాలి. ఆమెకు జైనూర్ పడింది. బుధవారం పొద్దున బడిలో సంతకం పెట్టకపోతే ఆ ఏడు లెక్కలోకి రాదని కాగితంలో ఉంది. మా ఆయన అప్పటికి మంచంలో ఉన్నారు. ఇంకో ఏడు చదివించే శక్తి మాకు లేదు.

కాగితం పట్టుకుని పెద్దవ్వ దగ్గరికి పోయాను.

"మోటరు కిరాయికి మాట్లాడినవనుకో, నీ ఇంట్ల ఇత్తడి మిగలది," అంది. "ఆదిలాబాద్ మీదికెల్లి సుట్టు తిరిగి బస్సుల పోతే రెండు దినాలు. రాత్రి ఆడపిల్ల యాడ పంటది? గవన్నెందుకు? నేను పోయే తొవ్వల్నే పంపు."

ఆమె దారి అంగడి దారి. ఆసిఫాబాద్‌లో ఆదివారం అంగడి. అది ముగిశాక సోమవారం పొద్దున ఉప్పు, బట్టలు, బెల్లం అమ్మేవాళ్ల బండ్లన్నీ కలిసి కెరమెరికి కదులుతాయి. రాత్రికి అక్కడ మజిలీ. మంగళవారం కొండ ఘాటు ఎక్కి పొద్దుగూకేలోగా జైనూర్ చేరుతాయి. అడవి దారి గనుక ఏ బండీ ఒంటరిగా పోదు. బండాయనకు ఒక బీడీకట్ట, ఎద్దులకు ఒక తవుడు మూట ఇస్తే చాలు.

"ఆదివారం ప్యాసింజరుకు తోలు. రాత్రి నా పక్కన పంటది. పొద్దుగాల బండెక్కుతది," అంది.

అక్కడే నాకు అడ్డం వచ్చింది. ఆదివారం మేము ప్రయాణం చేయం. అది ప్రభువు దినం. మా బాపు నేర్పిన నియమం, పెళ్లయినాక కూడా తప్పలేదు.

"సోమవారం తెల్లవారగట్ల రైలుకు తీసుకొస్త పెద్దవ్వా. కొద్ది గంటలే గద," అన్నాను.

"బండ్లు నీ ప్రార్థన అయ్యేదాక ఆగుతయా, బిడ్డా? ఎద్దులకు బాప్తిస్మం ఇయ్యలేగద!" అని నవ్వింది. మళ్లీ గంభీరంగా, "ఆదివారమే పంపు," అంది. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆమె శనివారం వెళ్లిపోయింది. నేను నా నియమం ప్రకారం ఆదివారం ఆగాను. ఆ సంగతి ఎవరితోనూ చెప్పి పంపలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

సోమవారం ప్యాసింజరు ఆలస్యమైంది. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనులో దిగి, ఊళ్లోకి పోయే బస్సు దొరికేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. దారంతా మా అమ్మాయి కిటికీలోంచి ఎండ ఎంత ఎక్కిందో చూస్తూనే ఉంది. ఒక్కసారి మాత్రం, "బండ్లు పోయుంటయమ్మా," అంది. నేను మనసులో ప్రార్థన చేసుకుంటున్నాను. ఏమని చేయాలో మాత్రం తెలియలేదు.

బస్సు దిగేసరికి బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎద్దులు కాడికి కట్టి ఉన్నాయి. మొదటి బండి మీద, ఉప్పు బస్తాల నడుమ, పెద్దవ్వ మలారం ఉంది. పెద్దవ్వ మాత్రం బండిలో లేదు. బస్సులు ఆగేచోట ఒక రాతి మీద, బండ్ల వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది.

అంగడి బండ్లకు ఒక కట్టుబాటు ఉంది. మూట ఎక్కిందంటే మనిషి ఎక్కినట్టే. మూట ఎక్కించుకుని మనిషిని దారిలో వదిలిపోయిన బండాయనను మళ్లీ ఏ అంగట్లోనూ కలుపుకోరు. పెద్దవ్వ అందరికంటే ముందు లేచి మలారం ఎక్కించిందట. తర్వాత పోయి రాతి మీద కూర్చుందట.

మేము చేరేసరికి ఉప్పు బండాయన అరుస్తున్నాడు.

"ఓ గాజులవ్వా! వస్తవా, రావా? ఎండ నెత్తికెక్కింది!"

"కాలు పట్టిందయ్యా. జర ఆగు."

"పొద్దటి సంది గదే కాలా?"

"పొద్దుగాల కుడిది. ఇప్పుడు ఎడమది. ఉన్నయే రెండాయె, ఇగ మూడోది పట్టది తియ్యి."

మమ్మల్ని చూసి చక్కగా లేచి నిలబడింది. నేను "పెద్దవ్వా, నిన్న..." అని ఏదో మొదలుపెట్టాను. ఆమె నా చెయ్యి అందుకుని వేళ్లు దగ్గరికి నొక్కింది.

"నీ దేవుని దినం నీకు దక్కింది గద. ఇగ పిల్లను ఎక్కియ్యి. బస్తాకు ఆనుకొమ్మను, కుదుపు తెల్వది."

అంతకుమించి ఆ విషయం ఆ రోజూ ఎత్తలేదు, తర్వాత కూడా ఎత్తలేదు. మంగళవారం దీపాల వేళకు వాళ్లు జైనూర్ చేరారు. బుధవారం పొద్దున మా అమ్మాయి సంతకం పెట్టింది.

ఎర్రటి ఎండలో ఎద్దులను నడిపించినందుకు ఉప్పు బండాయన ఆ తర్వాత నెల రోజులు పెద్దవ్వ మలారం ఎక్కించుకోలేదట. ఘాటు మీదుగా భుజాన మోసుకుని నడిచిందట. మా అమ్మాయి అక్కడ విని, మూడు నెలల తర్వాత వచ్చి చెప్పింది. నేను పెద్దవ్వను అడిగితే, "నడిస్తే కాళ్ల పట్లు పోతయి," అంది.

నా నియమం నేను ఇప్పటికీ తప్పలేదు. కాని అది ఆ రోజు ఎవరి భుజం మీద నిలబడిందో ప్రతి ఆదివారం గుర్తుకు వస్తుంది.

పెద్దవ్వ పోయిన ఆ శుక్రవారం మధ్యాహ్నానికి బండి సిద్ధమైంది. పెద్దవ్వను అత్తగారి ఊళ్లో, భర్త పక్కన మట్టి చేయాలి. నాలుగు కోసుల దూరం. పొద్దు ఉండగానే చేరాలని అందరూ తొందరపడ్డారు. మా అమ్మాయి రావలసిన ప్యాసింజరు ఇంకా రాలేదు.

"ఇగ ఆగలేమమ్మా," అన్నాడు ఆమె తమ్ముడి కొడుకు. అతనూ ఆమె వెంట అంగళ్లు తిరిగినవాడే.

గొంతు పెంచి మాట్లాడడం నాకు అలవాటు లేదు. ఇంట్లోకి పోయి, బైబిలు, పాటల పుస్తకం ఉన్న నా గుడ్డసంచి తెచ్చాను. బండిలో, పెద్దవ్వ పాదాల పక్కన పెట్టాను. నడిచి వెళ్లి స్టేషను బయట రాతి మీద కూర్చున్నాను.

అక్కడి నుంచి మా వీధి మొదలు కనబడుతుంది. కొంతసేపటికి అటు చూశాను. బండి పక్కన ఆమె తమ్ముడి కొడుకు ఎద్దులను కాడి నుంచి విప్పి, ముందర గడ్డి వేస్తున్నాడు.