గడికో జేబు

మా చిన్నప్పుడు ఇంటికి ఏ చుట్టం వచ్చినా మా చెల్లి పైడి చేతిలో ఒక గిలక్కాయ పెట్టేవారు... పైడికి పుట్టుకతోనే చూపు లేదు. చూపు లేని పిల్లకి చప్పుడు చేసేదే బొమ్మ అని అందరూ అనుకునేవారు. ఏడేళ్ళొచ్చినా గిలక్కాయలే. భిలాయి స్టీలు ప్లాంటు వాళ్ళ సెక్టర్ 6లోని మా క్వార్టర్లో మంచం కింద ఒక రేకు డబ్బా నిండా అవే ఉండేవి.

విజయనగరం నుంచి వచ్చిన మావయ్య ఇంకొకటి తెచ్చి గలగలలాడించాడు.

"అది నువ్వే ఉంచుకో మావయ్యా. ఇంట్లో నువ్వెక్కడున్నావో నాకు తెలుస్తాది," అంది పైడి.

మావయ్య నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మర్నాడు మా ఇద్దరినీ పవర్ హౌస్ బజారుకు తీసుకెళ్ళింది.

బొమ్మల దుకాణంలో అమ్మ కళ్ళు మూసుకుని ఒక్కో బొమ్మనీ తడిమింది. ప్లాస్టిక్ ఆవు, గుర్రం, కుక్క... కళ్ళు మూసుకుంటే మూడూ ఒకటే. నాలుగు కాళ్ళు, ఒక తోక. పక్కన పెట్టేసింది.

"దీదీ, ఆంఖే బంద్ కర్‌కే క్యా దేఖ్ రహీ హో?" అన్నాడు దుకాణదారు. కళ్ళు మూసుకుని ఏం చూస్తున్నావని.

"ఖిలౌనా దేఖ్‌తీ భయ్యా," అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే. బొమ్మే చూస్తున్నానని.

అక్కడ ఏమీ కొనలేదు. పక్కనున్న ఇనుప సామాన్ల కొట్లో ఒక చిన్న తాళంకప్ప కొంది. పైడి దాన్ని రోజంతా వేసి, తీసి, చివరికి నాన్న సైకిలు చైనుకు వేసి తాళంచెవి దాచేసింది. ఆ రోజు నాన్న ప్లాంటుకు నడిచి వెళ్ళాడు.

పుస్తకాలదీ అదే గొడవ. నేను బొమ్మల కథ చదువుతూ "ఇదిగో ఏనుగు" అంటే పైడి పేజీ అంతా తడిమి, "ఎక్కడే అక్కా?" అనేది. నున్నటి కాగితం... దానికేం తెలుస్తుంది. అందుకని అమ్మ ఒక గుడ్డ పుస్తకం కుట్టింది. ఒక పేజీలో గోనెపట్టా ముక్క, ఒక దాంట్లో నాన్న వాడేసిన తోలు గ్లౌజు వేలు, ఒక దాంట్లో కోడి ఈకలు. పైడి ఒక్కో పేజీ తడుముతూ తనే కథ చెప్పేది. ఆ తోలు వేలే అందులో ఏనుగు తొండం.

కానీ పైడికి కావలసింది తాళమూ కాదు, పుస్తకమూ కాదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు మా వరండాలో పిల్లలందరం చాక్‌పీసుతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. పైడిని గవ్వలు వెయ్యనిచ్చేవాళ్ళు... ఎన్ని వెల్లకిలా పడ్డాయో వేలితో తడిమి తనే చెప్పేది. కాయలు మాత్రం వేరేవాళ్ళు జరిపేవారు. తన కాయ ఎక్కడుందో చూసుకుందామని చెయ్యి పెడితే మొత్తం చెదిరిపోయేవి. ఒకరోజు పక్కింటి సుజాత విసుక్కుంది. "నువ్వు ఆడితే ఆటే ఉండదే. ఎల్లి లోపల కూకో."

పైడి లోపలికి వచ్చి అమ్మ ముందు నిలబడింది. "నాకు అష్టాచెమ్మా కావాల."

"బజార్లో నువ్వాడేది దొరకదే."

"నాకు తెల్దు. కావాల."

అమ్మ ముందు గుడ్డ మీద దారంతో గళ్ళు కుట్టింది. గీతలు చేతికి తగిలాయి గానీ కాయలు జారిపోయాయి. విప్పేసింది. తర్వాత నాన్న పాత ఖాకీ యూనిఫాం కత్తిరించి గడికో జేబు కుట్టింది. ఉన్న గడి జేబులోంచి కాయ తీసి వెళ్ళాల్సిన గడి జేబులో వెయ్యాలి. ఎంత తడిమినా కదలదు. కాయ చావని గళ్ళకు ఒక బొత్తాం. తడిమితే తేడా తెలిసేలా కాయలుగా ఒకరికి చింతపిక్కలు, ఒకరికి సీతాఫలం గింజలు, ఒకరికి శనగలు... మందమైన ఆ గుడ్డకు రెండు సూదులు విరిగాయి.

వరండాలో పరిచి అమ్మ అందరినీ పిలిచింది. కాసేపటికే గోల మొదలైంది.

"ఏటత్తా ఇది? నా కాయెక్కడుందో కనబడతా నేదు," అంది సుజాత.

"కుఛ్ దిఖ్‌తా నహీ," అన్నాడు ఎదురింటి బబ్లూ. ఏమీ కనబడటం లేదని వాడి గోల.

"ముఝే భీ నహీ దిఖ్‌తా," అంది పైడి. "నాకూ కనబడదు. ఆడు."

జేబుల్లోకి దిగిన కాయలు ఎవరికీ కనబడవని అమ్మకు కుట్టేటప్పుడు తోచిందో లేదో... నేనెప్పుడూ అడగలేదు. అందరూ వేళ్ళు పెట్టి వెతుక్కోవలసిందే. పైడి మాత్రం ఎవరి కాయ ఎక్కడుందో మనసులో పెట్టుకుని, సరిగ్గా లెక్కేసి బబ్లూ కాయను చంపింది. అయినా ఆ రోజు ఓడిపోయింది. ఓడిపోయి, ఏడ్చి, "మళ్ళీ ఎయ్యండి" అంది. అంతకుముందు దానికి ఓడిపోయే వీలు కూడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం తలుపు కొట్టింది సుజాతే. "అత్తా, పైడి ఉందేటి?"

పైడి ఇప్పుడు చూపు లేని పిల్లల బడిలో టీచరు. మొన్న మా వీధిలో ఒకామె మనవరాలికి బొమ్మలు కొనాలని, పైడిని అడిగి చెప్పమని నా ఫోన్‌కి వరసగా ఫొటోలు పంపింది. ఐదేళ్ళ పిల్ల, చూపు లేదు. మీట నొక్కితే పాడేవి, అరిచేవి... గిలక్కాయలే, ఖరీదైనవి. నేను ఒక్కోటీ వర్ణించి చెబితే పైడి అడిగింది ఒకటే. "ఇంకో పిల్ల పక్కన కూకుంటే దానికేటి పని ఇందులో?"

పుస్తకమైతే చుక్కల లిపీ మామూలు అక్షరాలూ ఒకే పేజీలో ఉన్నదే కొనమంది. పిల్లా, వాళ్ళమ్మా కలిసి చదువుకుంటారని.

అమ్మ కుట్టిన గుడ్డ జేబులు ఎప్పుడో చిరిగిపోయాయి. ఆ మనవరాలి కోసం నేను కొత్తది కుడుతున్నాను. పైడి ప్రతి జేబులో వేలు పెట్టి చూసి, ఇరుకుగా ఉన్నవి విప్పిస్తోంది. ఆదివారానికి అయిపోవాలి.

ఇప్పుడు మధ్యాహ్నాలు మా వరండాల్లో పిల్లలే కనబడరు... ఆ రోజుల్లో మీ వీధిలో ఇలాంటి పిల్ల ఉంటే ఏ ఆట ఆడారో రాయండి. భిలాయిలోనే ఉంటే మీ పిల్లల్ని తీసుకుని ఆదివారం రండి. మా వరండాలో గుడ్డ పరిచి ఉంచుతాం. ఆ ఐదేళ్ళ పిల్లకి ఎదురుగా కూర్చునేవాళ్ళు కావాలి.