గచ్చు గోడకు పట్టాల్సిన చెమట

అరవైల మొదట్లో నేను హిందూపురంలో విలేకరిని. పట్నంలోని జాతీయ మ్యూజియం పాత భవనాల చరిత్ర మీద ఆదివారం పేజీకి వ్యాసం రాయమని సంపాదకుడు కబురు పెట్టాడు. ఆ గోడలకు గచ్చు పూసినవాళ్లు పెనుకొండ మనుషులని నేనే ఒకసారి ఆయనతో అన్నాను. నాకా సంగతి చెప్పింది మా అవ్వ.

అవ్వ పెనుకొండలో ఉండేది. పెళ్లయిన కొత్తలో తాతతో కలిసి పట్నం పోయి, ఆ మ్యూజియం పెద్ద హాలులో పనిచేసింది. మగవాళ్లు గానుగ సున్నం పూస్తే ఆడవాళ్లు నున్నటి గులకరాళ్లతో రోజుల తరబడి రుద్దేవాళ్లు, అందులో ముఖం కనపడేదాకా. మరుసటి ఏడు తాత కలరాతో పోయాడు. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఇద్దరూ కలిసి చేసిన పనిలో మిగిలింది ఆ గోడే.

ప్రయాణానికి ముందు పెనుకొండలో దిగాను. అవ్వ మోకాళ్ల నొప్పులతో లేవలేదు కాబట్టి తానూ వస్తాననలేదు.

"తూర్పు కిటికీ పక్క గోడ మాది. దాని మీద అరచెయ్యి పెట్టి చూసి రా అబ్బా. బతికుండాదో లేదో నాకు చెప్పు" అంది.

పట్నంలో మూడు రోజులూ ముసురు. అన్నిటికన్నా పాత భాగం మొదట దొరల విందుల కోసం కట్టిన హాలు. దానికి తర్వాత గుండ్రటి మెట్లు కలిశాయి, ఆ పైన ఎర్ర ఇటుకల పొడవాటి గదులు. ఏది ఎవరు కట్టించారో, ఎప్పుడు పెంచారో అంతా రాసుకున్నాను. అవ్వ చెప్పిన తూర్పు కిటికీ దగ్గర మాత్రం తాడు కట్టి, ముట్టరాదని బోర్డు పెట్టారు. పక్కనే స్టూలు మీద కావలివాడు. అడిగితే ఒప్పుకునేవాడేమో. పత్రిక మనిషినై ఉండి గోడ ముట్టుకుంటానని ఎట్లా అడగాలో తోచక వచ్చేశాను.

ధర్మవరంలో బండి మారేటప్పుడు, పట్టుచీరల మూటల పక్కన కూర్చుని, అవ్వకు ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను.

"ఆడ వానలుండాయా?" అని పెనుకొండలో ఇంట్లోకి అడుగు పెట్టగానే అవ్వ అడిగింది.

"మూడు దినాలూ ముసురే అవ్వా."

"గోడ ఎట్లుండాది?"

"చల్లగా ఉండాది. చుక్క తడి లేదు, అద్దం మాదిరి ఉండాది."

మెచ్చుకుంటున్నాననుకున్నాను. అవ్వ చేతిలోని వక్కాకు పక్కన పెట్టేసింది.

"ముసురు పట్టినప్పుడు మంచి గచ్చుకు చెమట పట్టల్ల. పట్టలేదంటే పైన రంగు కొట్టినారు. మీ తాత పని పోయిందిలే" అంది మెల్లగా.

ఆ ముఖం చూడలేకపోయాను. "అవ్వా, నేను ముట్టలేదు. తాడు కట్టినారు" అన్నాను.

"అసలు ముట్టనే లేదా?"

"లేదు."

నావైపు చూసి నవ్వింది. "పేపరోళ్లకు కండ్లే గానీ చేతులుండవేమబ్బా. అన్ని అబద్ధాలు యాడ నేర్చినావు?" మళ్లీ వక్కాకు అందుకుంది. "అయితే ఉండాదిలే."

దూరం నుంచి ఆ గోడ తెల్లగా మెరిసింది. నూనె రంగు కూడా అట్లాగే మెరుస్తుంది. ఆ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. వ్యాసం అచ్చయింది. పెనుకొండ వాళ్ల మీద రాసిన నాలుగు వాక్యాలు చోటు చాలదని తీసేశారు.

అవ్వ పోయాక రెండుసార్లు పట్నం వెళ్లాను. రెండోసారి వాన పడుతోంది, మంచి గచ్చుకు చెమట పట్టే ముసురు. మ్యూజియం గేటు దాకా పోయి, గొడుగు కింద చాలాసేపు నిలబడి, లోపలికి పోకుండా తిరిగి వచ్చాను.