అత్తమ్మకు నేనిచ్చిన యిడ్డిష్ బిరుదు

ఒక్క మాటతో సొంత కొంపకు నిప్పు పెట్టుకోబోయిన ఘనుణ్ణి నేను. వినండి, నవ్వుకోండి, అభ్యంతరం లేదు.

నాలుగైదేళ్ల కిందట మా టీమ్‌లో విదేశం నుంచి పనిచేసే హానా అనే ఆవిడ ఉండేది. యిడ్డిష్ అని, తూర్పు యూరప్ యూదుల ఇళ్లలో మాట్లాడే భాష ఆమె అమ్మమ్మది. తన పిల్లలకు తిండి దగ్గర రోజుకో మాట నేర్పుతున్నానని చెప్పింది. అది విని నాకు పూనకం వచ్చింది. నాచారంలోని మా ఫ్లాట్‌లో, నాలుగేళ్ల మా చిన్నికి నేనూ మొదలుపెట్టాను. నీళ్లు ‘వాసర్’, చాలు ‘గెనూగ్’. ముందు అఆలు నేర్పొచ్చు కదా అంటారా? మా ఆవిడా అదే అంది.

మేమిద్దరం పనిలో ఉంటే చిన్నిని చూసుకునేది మా అత్తమ్మ. ఆమె లేకపోతే మా ఉద్యోగాల్లో ఒకటి గోవిందా. బంగారం లాంటి మనిషి. కాకపోతే నేను కనబడితే చాలు, “అల్లుడా, ఘట్‌కేసర్‌ల ప్లాట్ సూస్తవా లేదా?” అని మొదలు.

ఒకరోజు చిన్ని చెవిలో ఊదాను. “ఒక్కటే ముచ్చట పట్టుకుని నస పెట్టేటోళ్లను నుద్నిక్ అంటరు. అమ్మమ్మ నుద్నిక్.”

చిన్ని “అమ్మమ్మ నుద్నిక్” అని పైకే అనేసింది.

“నుద్నిక్ అంటే ఏంది అల్లుడా?”

“ఇంటికి పెద్ద దిక్కు అని, అత్తమ్మా.”

ఆమె ముఖం వెలిగిపోయింది. లిఫ్ట్‌లో, కూరగాయల బండి దగ్గర, “మా అల్లుడు నన్ను నుద్నిక్ అంటడు” అని అందరికీ చెప్పుకుంది. నాకు సిగ్గేయాలి. వేయలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పృథివి దాటి, ల్యాప్‌టాప్‌లోంచి తిరిగొచ్చింది. వారం తర్వాత వీడియో కాల్‌లో ఉండగా అత్తమ్మ చాయ్ తెచ్చింది. తెర మీద హానాను చూసి, గుండెమీద చెయ్యేసుకుని, “ఐ నుద్నిక్” అంది. హానా తాగుతున్న కాఫీ కీబోర్డు పాలైంది.

“గామె ఎందుకు గట్ల నవ్వుతున్నది?”

“సంతోషం, అత్తమ్మా.”

“కాదు అమ్మమ్మా,” అంది వెనకాలే వచ్చిన చిన్ని. “నస పెట్టేటోళ్లను నుద్నిక్ అంటరు. డాడీనే చెప్పిండు.”

అత్తమ్మ లోపలికెళ్లి చీరలు సంచిలో సర్దుకుంది. బోడుప్పల్‌లో కొడుకు ఇల్లుంది ఆమెకు. ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకునే వెనకాల పరుగెత్తాను, అబద్ధమెందుకు.

“తప్పయింది అత్తమ్మా, మాఫ్ జెయ్యుండ్రి.”

“ఏ భాషల తిట్టినవో, మాఫీ గూడ గా భాషలనే అడుగు.”

నాకు రాదు. తిట్టు వచ్చు, క్షమాపణ రాదు. సంచి ఆమె భుజానికెక్కింది. కాల్ ఇంకా నడుస్తోంది. కాళ్లావేళ్లా పడితే హానా అందించింది, “జైట్ మిర్ మోయ్‌ఖల్.” టీమంతా చూస్తుండగా మూడుసార్లు అన్నాను.

అత్తమ్మ సంచి దించింది. “గిదేదో ముందుగాలనే నేర్చుకుంటే అయిపోతుండె గద.”

అందుకే సర్వజన సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట లోకంలో ఏ భాష నేర్చుకున్నా మొదట క్షమాపణే నేర్చుకుంటాను. ఆ తర్వాతే తిట్లు.