రాహుకాలంలో పట్టుకొచ్చిన స్టీరింగు

కూసో అమ్మీ. అట్ల వాకిలి పక్క సూసుకుంటా కాదు, నా మొగం సూసి కూసో. సరిగ్గా విని రాయి. నేను చెప్పిందే రాయల్ల, మద్దెలో నీ తెలివి కలపొద్దు. రేపు ఏ ఆడపిల్లన్నా తిరపతికి పొయ్యి మోటారు సామాన్లు కొనుక్కోవాలంటే ఇది సదువుకోని పోవాల.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు అది. మేము అప్పుడు చిత్తూర్లో ఉండేది. మీ తాత బస్సుల షెడ్డులో మేస్త్రీ. పగలంతా ఊరోళ్ళ బస్సులు బాగుచేసి, సాయంత్రమైతే ఇంటెనక రేకుల కొట్టంలో సొంతంగా ఒక పందెం కారు చేసుకుంటా ఉండె. మిలిటరీవాళ్ళు వదిలేసి పోయిన జీపు ఇంజిను, దానికి రేకుతో ఒళ్ళు, ఒకటే సీటు. సత్యవేడు దాటి మద్రాసు పక్క పోతే, యుద్ధమప్పుడు విమానాలు దిగేదానికి ఏసిన సిమెంటు బాట ఒకటి ఖాళీగా పడుండె. ఆడ ఆదివారం పూట మద్రాసోళ్ళు కార్లు తోలి పందేలు ఏసుకునేది. చిత్తూరోళ్ళు ఏంటికి పోగూడదు అని మీ తాత పంతం. నా పంతం గూడా అనుకో. షెడ్డులో బస్సులు ముందుకీ ఎనక్కీ జరిపేది నేనే. మీ తాతే నేర్పినాడు నాకు.

ఒగదినం ఊరిబయట మలుపులో ఆ కారు స్టీరింగు చెయ్యిచ్చేసె. పాత లారీనుంచి పీకి ఏసింది అది, పెట్టె స్టీరింగు. చక్రం పావుచుట్టు తిప్పినా బండికి తెలిసేదే కాదు. నేరుగా పొయ్యి కల్వర్టుకు గుద్దుకునె. మీ తాత కాలు ఇరిగె, పెట్రోలు టాంకీ చీలిపాయె. ఆయన కట్టు కట్టించుకోని మంచాన పడినాడు.

మా మామ, అంటే మీ తాత వాళ్ళ నాయన, మంచం కాడ నిలబడి చెప్పేసినాడు. "ఇంక సాలు. ఆ దయ్యాన్ని పాతినుముకు ఏసేస్తా. శుక్రవారం సాయంత్రం ఇనుమాయప్ప బండి తోలుకోని వస్తాడు."

నేను తలుపు కాడ్నించే అన్నా. "తప్పు కారుది కాదు మామా, స్టీరింగుది. మంచిది తెచ్చి ఏస్తే సరిపాయె."

"తెచ్చేదెవురు? వాడు మంచంలో ఉండాడు."

"నేను తెస్తా."

ఆయన నవ్వినాడు. "సంతలో చింతపండు కొనేది అనుకుంటివా? సరే పో. శుక్రవారం పొద్దుగూకేలోపల మంచి స్టీరింగు, మంచి టాంకీ నా కండ్లముందర పెట్టు. కారు ఉంటాది. లేదంటే బండెక్కుతాది."

ఆ నవ్వుకే నేను మూట కట్టుకున్నా. మాటకైతే ఊరుకునేదాన్నేమో.

గురువారం పొద్దున్నే రైలుకి బయల్దేరినా. మీ తాత ఒక దారం ఇచ్చినాడు, కారు ముందరపక్క కొలత దాంట్లో ముడేసి. "పళ్ళకమ్మీ ఉండేది సూసి తీసుకో" అన్నాడు. రాక్ అంటారు దాన్ని. స్టీరింగు కొసన చిన్న గేరు ఉంటాది, అది తిరిగితే పళ్ళకమ్మీ కుడికీ ఎడమకీ జరగతాది, దాంతో చక్రాలు మళ్ళతాయి. అంతే. మద్దెలో పెట్టె లేదు, ఆలీసం లేదు. "కారు ఎక్కువ నేరుగానే పోతాది గదా, నడిమి పళ్ళే ముందు అరగతాయి. ఆడ పట్టుకోని ఊపి సూడు" అని చెప్పినాడు. ఆ మాట దోవంతా నోట్లో తిప్పుకుంటానే పోయినా.

చిన్న పట్టాల రైలు, దానికేం తొందర లేదు. పాకాల జంక్షన్లో ఇంజినుకు నీళ్ళు పట్టేదాకా నిలబడె. ఆడ ఇడ్లీలు బాగుంటాయి, కాఫీ మాత్రం తాగొద్దు, కుడితి మాదిరి ఉంటాది. నా ఎదురుగా పలమనేరు ముసలామె ఒకామె కూసోనుండె, కొండకు తలనీలాలిచ్చేదానికి పోతా.

"ఒంటిగా పోతాండావే, మొక్కుబడా?" అనె.

"కాదవ్వా, పెట్రోలు టాంకీ కొనేదానికి."

ఆమె నన్ను కాలినుంచి తలదాకా సూసె. "నేను జుట్టు ఇచ్చేసి వస్తా, నువ్వు టాంకీ తెచ్చుకుంటావు. కొండకి పొయ్యి ఒట్టిసేతుల్తో వచ్చేది నేనే అన్నమాట" అని, మూట ఇప్పి సగం రాగిరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి నా చేతిలో పెట్టె. పాకాల ఇడ్లీకన్నా అదే బాగుండె.

తిరపతిలో దిగేతప్పటికి ఎండ ఎక్కిపాయె. స్టేషనుకి ఎనకపక్క సందులో మునెప్ప అని ఒకాయప్ప, మిలిటరీ సామాన్లు, పాడైపోయిన కార్ల ముక్కలు అమ్మేవాడు. టాంకీలు మూడు బయట పెట్టినాడు. ఒకటి కిరసనాయిలు డబ్బాలు అతికించి చేసింది, దాన్ని తాకనుగూడా తాకలా. ఒకటి విమానానిది, అల్యూమినియం, తళతళ మెరస్తా పువ్వు మాదిరి తేలిగ్గా ఉండె. ఇంకోటి జీపుది, ఇనుపది, తుప్పు రంగు.

"విమానందే తీసుకోమ్మా, గాల్లో పోతారు" అన్నాడు మునెప్ప.

"నీళ్ళు తెప్పించప్పా" అన్నా.

రెంటిలోనూ సగం సగం నీళ్ళు పోయించి ఊపినా. బిందెతో నీళ్ళు మోసేటప్పుడు తొణక్కుండా పైన ఆకుల కొమ్మ ఏస్తాం సూడు, టాంకీకి అట్లాంటి అడ్డం లోపలే ఉండాల. లేదంటే మలుపులో పెట్రోలంతా ఒకపక్కకు పొయ్యి ఇంజినుకు అందదు. విమానం టాంకీలో నీళ్ళు దబ్ దబ్మని కొట్టుకునె. జీపుదాంట్లో గొణుక్కుంటా అణిగిపాయె, లోపల అడ్డరేకులు ఉండాయి. పైగా ఇనుపదానికి ఓటి పడి కారితే చిత్తూర్లో ఎవురైనా అతికి మాటు ఏస్తారు, అల్యూమినియానికి మద్రాసు పోవాల. నీళ్ళు వంచి కిరసనాయిలు పోయించి, అతుకుల మింద తమలపాకుల సున్నం పూసి ఒక గంట కూసున్నా. సున్నం తెల్లగానే ఉండె. ఓటి ఉంటే ఆ తావ సున్నం నల్లబడతాది.

"పెండ్లిచూపులు గూడా ఇంతసేపు సూడరమ్మా" అన్నాడు మునెప్ప.

"పెండ్లికొడుకు కారిపోడు గదప్పా."

జీపు టాంకీకి దుడ్లిచ్చి ఆడనే పెట్టించినా. స్టీరింగులు మాత్రం తిరుచానూరు దోవలో ఆయన గోడౌన్లో ఉండాయి, రేపు పొద్దున రమ్మన్నాడు. జట్కా ఎక్కి తిరుచానూరు పొయ్యి సత్రంలో దిగినా. ఒంటి ఆడదానికి గది ఇచ్చేది లేదన్నారు. వంటామెతోపాటు వంటింటి వసారాలో పండుకుంటా అంటే సరేనన్నారు. మీరు పోతే మీగ్గూడా అదే చెప్తా, గదికోసం వాదించొద్దు, వంటామెను పట్టుకోండి.

శుక్రవారం పొద్దున అమ్మవారి దర్శనం చేసుకున్నా. శుక్రవారం గదా, జనం. పూలమ్మేవాళ్ళనీ జనాన్నీ దాటుకోని, పసుపు కుంకుమ పొట్లం కొంగులో కట్టుకోని గోడౌనుకు పొయ్యేతప్పటికి పది దాటిపాయె. ఆడ నాకన్నా ముందరే మద్రాసాయప్ప ఒకడు ఉండాడు. తెల్లప్యాంటు, బయట పెద్ద కారు. ఆదివారం పందేనికి ఆయన గూడా కారు కట్టుకుంటా ఉండాడంట.

గోడౌన్లో పళ్ళకమ్మీలు రెండే. ఒకటి ఎర్రరంగు పూసింది. నేను నడిమిన పట్టి ఊపితే లొడలొడ. ఇంకోటి మట్టి కొట్టుకోని ఉండె, అది మద్రాసాయప్ప చేతిలో ఉండె. ఆయన గూడా నడిమిన పట్టి ఊపి సూస్తా ఉండాడు. తెలిసినోడే. ఊగలా అది.

"ఇదే" అన్నాడు, జేబులో చెయ్యి పెట్టినాడు.

మునెప్ప గోడ గడియారం సూసినాడు. "రాహుకాలం పడింది సామీ. ఇప్పుడు దుడ్లు ముట్టుకోను. పన్నెండు దాటనీండి."

మద్రాసాయప్ప ఎదురు చెప్తాడనుకున్నా. లే. "అవునవును, స్టీరింగు గదా, మంచి గడియలోనే తీసుకుంటా" అని దాన్ని బల్లమింద పెట్టేసి కాఫీకి పాయె.

పన్నెండు దాటితే అది ఆయనది. సాయంత్రానికి కారు పాతినుముది. దారం తీసి కొలిచినా, ముడికాడికి సరిగ్గా సరిపాయె. కొసాకొసా తిప్పినా, ఒకే బిగువు.

"మునెప్పా, ఇది నాది" అన్నా.

"ఆయన ముందు సూసినాడమ్మా. దుడ్లు ఇప్పుడు ఎవురిచ్చినా తీసుకోను."

"దుడ్లు తరవాతే ఇస్తా." కొంగుముడి ఇప్పినా. కొత్త బండి తెస్తే మనం మొదట ఏం చేస్తాం? అదే చేసినా. పళ్ళకమ్మీకి ఆ కొసనుంచి ఈ కొసదాకా పసుపు రాసి, మూడు తావుల కుంకుమబొట్లు పెట్టినా. దండం పెట్టుకోని పక్కనే బల్లమింద కూసున్నా.

మునెప్ప బుగ్గన చెయ్యి పెట్టుకున్నాడు. "రాహుకాలంలో పూజా తల్లీ?"

"రాహువు నాకు చేసేదంతా ముందే చేసేసినాడు. ఇంక ఏం చేస్తాడు?"

మద్రాసాయప్ప పన్నెండుకు వచ్చినాడు. "ఏంది మునెప్పా ఈ బొట్లు?"

"ఆయమ్మ పెట్టింది సామీ."

"తుడిచెయ్."

"నేనా? నాకు పెండ్లాంబిడ్డలు ఉండారు సామీ. మీరే తుడుచుకోండి."

ఆయన చేతిగుడ్డ తీసినాడు. నేను లెయ్యలా. "తుడువు సామీ" అన్నా. "మా ఆయన కాలిరిగి చిత్తూర్లో మంచంలో ఉండాడు. ఆయన్ని తలుచుకోని అమ్మవారి కుంకుమ పెట్టినా. ఆడదాని కుంకుమ తుడిచి ఆ స్టీరింగు పట్టుకోని తోలగలిగితే, తీసుకోని పో."

చేతిగుడ్డ బొట్లదాకా తెచ్చి ఆపినాడు. తరవాత జేబులో పెట్టుకున్నాడు. కోపంగానే ఉండె మొగం. "కాలిరిగినాయన పందెం ఎట్ల తోలతాడు?" అన్నాడు.

"ఎవురు తోలతారో ఆదివారం తెలస్తాదిలే. మా కారు నీకు ముందరే పోతా ఉంటాది."

మునెప్ప నా దుడ్లు కండ్లకద్దుకోని తీసుకున్నాడు.

తిరపతికొచ్చి టాంకీ బస్సు పైన కట్టించినా, పళ్ళకమ్మీ ఒళ్ళో పెట్టుకున్నా. అది బొగ్గు బస్సు. చంద్రగిరి దాటినాక నిలిచిపాయె. కండక్టరు దిగి బొయిలర్లో బొగ్గు కెలికేది, గాలి కొట్టేది. నేను పొద్దు పక్కే సూస్తా ఉండా.

పక్కసీటు పెద్దమనిషి అడిగినాడు. "ఏందమ్మా అది, నాగలా?"

"పందెం కారు స్టీరింగు."

"మీ ఇంట్లో మగోళ్ళు లేరా?"

"ఉండారు. ఒకాయన మంచంలో ఉండాడు, ఒకాయన కారు అమ్మేదానికి వాకిట్లో ఉండాడు."

ఆ బస్సులో కూసోని నాకు ఒకటే అనిపించె, రాసుకో. మంచి సామాను యాడైనా దొరకతాది, ఇంటిదాకా తెచ్చుకునే మొండితనమే అంగట్లో అమ్మరు.

ఇంటికాడ దిగేతప్పటికి పొద్దు కొండకు ఆనుకోనుండె. ఇనుమాయప్ప ఎద్దులు ఇప్పి కూసోనుండాడు. కారుకు తాళ్ళు కట్టేసినారు. పళ్ళకమ్మీ తెచ్చి మామ కాళ్ళ కాడ పెట్టినా, టాంకీ పక్కన పెట్టినా. ఆయన వంగి నడిమిన పట్టి ఊపినాడు. ఊగలా. ఇంకోసారి ఊపినాడు. లేచి ఇనుమాయప్పతో, "ఎద్దులు కట్టుకో అప్పా" అన్నాడు. అంతే.

శనివారం మీ తాత మంచంలోనుంచి చెప్తా ఉంటే నేనే బిగించినా, టాంకీ గూడా. సాయంత్రానికి బండి రోడ్డెక్కించినాం. "ఇప్పుడు తోలేదెవురు?" అన్నాడు మామ. నేను చీర కుచ్చెళ్ళు దోపుకోని సీట్లో కూసున్నా. "ఎనకనుంచి తొయ్యి మామా" అన్నా. ఆయన అటూ ఇటూ సూసినాడు, వీధంతా వాకిళ్ళల్లో ఉండారు. కండవ తలకు చుట్టుకున్నాడు. తోసినాడు అమ్మీ. కోడలు కూసున్న కారును రొమ్ము ఆనించి తోసినాడు. ఇంజిను అందుకునె, నేను నేరుగా పలమనేరు దోవ పట్టినా, ఆ ఎత్తు మలుపుల్లో స్టీరింగు ఎట్ల ఉండిందనుకున్నావు, రెండు చేతులు గూడా అక్కర్లా, ఇట్ల సూడు, చిటికినేలితో...

ఏందే కోడలా? సంగటి ఆరిపోతా ఉండాదా? వస్తా ఉండా. లే అమ్మీ, ఆ కలం ఆడ పెట్టు, చేతులు కడుక్కో. ఆదివారం పందెం సంగతి తిన్నాక చెప్తా. చిటికినేలితో ఇట్ల అంటే సాలు, బండి తనే మళ్ళతాది.